గరిక గట్టు దాటకుండా

అందరికీ నమస్కారం. వెనక వరసకి వినిపిస్తోందా? ఓకే, వినిపించకపోతే చెయ్యెత్తండి, మొహమాటపడొద్దు.

నాకిచ్చిన టాపిక్ "ఎత్తు మడుల్లో కలుపు" అని, దాన్ని నేనే కాస్త కుదించుకున్నా, ఎందుకంటే కలుపు మొత్తం గురించి మొదలుపెడితే చీకటి పడిపోతుంది. ఇవాళ గడ్డి గురించే, అందులోనూ పాకే గడ్డి గురించే. గాలికొచ్చిన విత్తనం పడి మొలిచే మామూలు కలుపు మొక్క ఉంది చూడండి, దాన్ని రెండు వేళ్లతో పట్టి లాగితే వచ్చేస్తుంది, దాని కథ అక్కడితో సరి. పాకే గడ్డి అలా కాదు, మీ చేతికొచ్చింది దాని కొస మాత్రమే, అసలు ఆసామి మడి బయట ఎక్కడో మూడు అడుగుల దూరంలో హాయిగా కూర్చునుంటాడు.

మడి కట్టిన రెండో మూడో ఏడాదికి గడ్డి వచ్చేసింది అన్నవాళ్లు ఒకసారి చేతులెత్తండి. అబ్బో. సగం పైనే ఉన్నారు. ఎత్తనివాళ్లు ఇంకా మొదటి ఏడాదిలో ఉన్నారేమో. (నవ్వులు)

నేనూ అంతే. మొదట్లో నాలుగు మడులు కట్టా, చెక్క పలకలు తెచ్చి, స్క్రూలు బిగించి, అడుగు ఎత్తున, నేరుగా గడ్డి మీదే నిలబెట్టేసి లోపల మట్టీ కంపోస్టూ నింపేశా. కింద గరిక ఉందని తెలుసు, కానీ నెత్తిన అడుగు మట్టి పడ్డాక అదేం బతుకుతుందిలే అనుకున్నా. మొదటి ఏడాది నిజంగానే ఏమీ రాలేదు, దాంతో కనపడ్డవాళ్లందరికీ చెప్పుకుంటూ తిరిగా, ఎత్తు మడి కడితే కలుపే ఉండదండీ అని. రెండో ఏడాది వానలు పడ్డాక ఒక మూల రెండు పోచలు కనిపిస్తే పీకి పారేశా. మూడో ఏడాది ఎండిపోయిన టమాటా మొక్కని లాగబోతే మొక్క రాలేదు, చుట్టూ ఉన్న మట్టి మొత్తం చాప లేచినట్టు లేచొచ్చింది, కింద అంతా తెల్లగా దారాలు దారాలుగా అల్లుకుని ఉంది.

అప్పుడు చేసిన పని ఇంకా గొప్పది. చిన్న టిల్లర్ ఒకటి తెచ్చి మడి మొత్తం తిప్పేశా. మట్టి పిండిలా అయింది, చూడ్డానికి ఎంత బాగుందో. మూడు వారాలు తిరిగేసరికి మడి అంచు నుంచి అంచుకి సమానంగా గరిక మొలిచింది, పనిగట్టుకుని నాటినా అంత సమానంగా రాదు. తర్వాత తెలిసింది ఏంటంటే లాన్ వేసేవాళ్లు గరికని నాటే పద్ధతుల్లో అదొకటట, కాడల్ని ముక్కలు చేసి చల్లి, పైన పల్చగా మట్టి కప్పి, నీళ్లు పెడతారు. నేను చేసింది అచ్చంగా అదే!

ఎందుకలా అయిందో ఒక్క నిమిషం చెప్తా, ఇది అర్థమైతే మిగతాదంతా మీకే తడుతుంది. గరిక రెండు రకాలుగా పాకుతుంది. ఒకటి నేల మీద పాకే కాడ, అది కణుపు కణుపుకీ వేరు దించుకుంటూ పోతుంది. రెండోది నేల లోపల పాకేది, తెల్లగా, గట్టిగా, కొస సూదిలా ఉంటుంది, దాన్ని చూసి చాలామంది వేరు అనుకుంటారు, వేరు కాదండీ, అది కాండమే, రైజోమ్ అంటారు. కాండం కాబట్టి దానికి కణుపులుంటాయి, ప్రతి కణుపు దగ్గరా ఒక మొగ్గ ఉంటుంది. వేరు ముక్కైతే మట్టిలో కుళ్లిపోయేది, ఇది కాండం ముక్క, ఒక్క కణుపు మిగిలినా చాలు మళ్లీ లేస్తుంది. చలి ప్రాంతాల్లో క్వాక్‌గ్రాస్ అని ఇంకోటుంది, దాని రైజోమ్ కొస ఎంత పదునంటే మట్టిలో ఉన్న బంగాళాదుంపని ఈ పక్క పొడిచి ఆ పక్క తేలుతుంది. అలాంటిదానికి మన పల్చటి అట్ట ముక్క ఏ మూలకి?

అయితే దీనికి రెండు బలహీనతలున్నాయి, మన పని మొత్తం వాటి మీదే. ఒకటి, ఈ రైజోమ్‌లు ఎక్కువ భాగం పై 15 సెంటీమీటర్ల మట్టిలోనే తిరుగుతాయి, వదులు మట్టి దొరికితే ఇంకాస్త కిందకీ పోతాయి గానీ గుంపంతా పైనే. రెండు, గరికకి నీడ పడదు. ఎండ ఎంత మాడ్చితే అంత జోరుగా పెరుగుతుంది, వెలుతురు ఆపేస్తే మాత్రం రైజోమ్‌లో దాచుకున్న పిండిపదార్థం ఖర్చు పెట్టుకుంటూ బతుకుతుంది, ఆ ఖాతా ఖాళీ అయిన రోజు చస్తుంది. ఖాతా పెద్దది, అది కూడా ఒప్పుకోవాలి.

ఇప్పుడు మడిలోకి ఎలా వస్తుందో చూద్దాం. కింద పాత గడ్డి ఉంటే కింద నుంచి లేస్తుంది, నా మొదటి మడుల్లో జరిగింది ఇదే. పైనుంచి, అంటే దారిలో బాగా పెరిగిన కాడ పలక మీదుగా పాకి లోపలికి వాలుతుంది, ఇది కంటికి కనిపిస్తుంది కాబట్టి పెద్ద భయం లేదు. నన్నడిగితే అన్నిటికంటే ఎక్కువగా వచ్చేది పలక అడుగు నుంచి. పలకకీ నేలకీ మధ్య చిన్న సందు, అక్కడ ఎప్పుడూ తేమ ఉంటుంది, రైజోమ్ దానికింద దూరి లోపలికొచ్చి పలక లోపలి గోడని ఆనుకుని నిటారుగా పైకొస్తుంది. మట్టి ఎండినప్పుడు పలక నుంచి కాస్త విడిపోతుంది కదా, ఆ చీలిక దానికి లిఫ్ట్ లాంటిది. మీ మడుల్లో ఎప్పుడైనా గమనించండి, మొదటి పోచ ఎప్పుడూ అంచునే కనిపిస్తుంది, నడిమధ్యలో కాదు. నడిమధ్యలో కనిపించిందంటే అడుగున పాతది మిగిలుండాలి, లేదంటే మీరే తెచ్చి వేసుండాలి.

అందుకే నేను మడి లోపల కలుపు తియ్యడం మీద పెద్దగా మాట్లాడను. అంచు, అంచు బయట రెండడుగుల నేల, ఇక్కడ కాపలా కాస్తే లోపల పని ఉండదు. లోపల ఎంత పీకినా బయట వదిలేస్తే మీరు దానికి క్షవరం చేస్తున్నట్టే.

ఇంకా మడి కట్టనివాళ్లు అదృష్టవంతులు, ముందే కింద గడ్డిని చంపుకోవచ్చు. ఎండ బాగా కాసే రోజులు చేతిలో ఉంటే ప్లాస్టిక్ పద్ధతి మంచిది, సోలరైజేషన్ అంటారు. గడ్డిని నేల మట్టానికి కోసేసి, నేలని బాగా తడిపి, పల్చటి పారదర్శకమైన ప్లాస్టిక్ షీట్ నేలకి అతుక్కునేలా పరిచి అంచులన్నీ మట్టిలో పూడ్చెయ్యాలి, వేడి బాగా ఉన్న కాలంలో 4 నుంచి 6 వారాలు కదపకూడదు. 1970లలో ఇజ్రాయెల్‌లో జాకోవ్ కటాన్ అనే శాస్త్రవేత్త, ఆయన తోటివాళ్లు దీన్ని ఒక పద్ధతిగా చేసి చూపించారు, వాళ్లు ముఖ్యంగా చూసింది మట్టిలో ఉండే తెగుళ్ల సంగతి, కలుపు చావడం మనకి కలిసొచ్చిన లాభం. నలుపు ఎందుకు కాదు అని అందరూ అడుగుతారు. నల్ల షీట్ ఎండని తనే తాగేస్తుంది, తను వేడెక్కుతుంది, పారదర్శకమైంది ఎండని లోపలికి పోనిచ్చి వేడిని బయటికి రానివ్వదు, అద్దాలు ఎత్తేసి ఎండలో పెట్టిన కారులాగా. తడపడం మాత్రం మర్చిపోవద్దు, పొడి మట్టిలోకి వేడి దిగదు. లోతున ఉన్న రైజోమ్‌లు కొన్ని దీనికీ చావవు, షీట్ అంచుల దగ్గర వేడి తక్కువ కాబట్టి అక్కడా మిగులుతాయి, అందుకని మడి కొలత కంటే అన్ని వైపులా రెండడుగులు ఎక్కువ పరుచుకోండి. మబ్బులు, చలి ఉండే చోట ఇది పనికిరాదు, అక్కడ మందపాటి నల్ల షీట్ వేసి వెలుతురు ఆపెయ్యడమే, గడ్డి పెరిగే కాలం మొత్తం అలా ఉంచాలి, ఓపిక కావాలి.

ఇంత టైమ్ లేదండీ అంటే పారతో తవ్వి తియ్యడమే. పార అంటే పలక పార కాదు, నాలుగు పళ్లుండే ఫోర్క్. పలక పార కాడల్ని నరుకుతుంది, నరికితే ఏమవుతుందో నా టిల్లర్ కథ విన్నారుగా. ఫోర్క్‌తో మట్టిని ఎత్తి వదులు చేసి, దుప్పట్లోంచి దారం లాగినట్టు ఒక్కో కాడనీ చివరిదాకా లాగాలి. విసుగు పుడుతుంది, నాకూ పుడుతుంది, రేడియో పెట్టుకుని కూర్చుంటా.

ఆ తర్వాత అట్టలు. కార్డ్‌బోర్డ్ అట్టపెట్టెలు, రంగుల మెరుపు లేని గోధుమరంగువి, టేపులూ పిన్నులూ పీకేసి, రెండు మూడు పొరలు పరిచి తడపాలి. అతుకుల దగ్గర ఒక అట్ట అంచు పక్క అట్ట మీదకి కనీసం 15 సెంటీమీటర్లు ఎక్కాలి, ఎందుకంటే గడ్డి అట్టని పొడవడానికి ముందు అతుకు కోసం వెతుక్కుంటుంది, వెతుక్కుని దొరికించుకుంటుంది కూడా. ఇంకో సంగతి, అట్టని మడి లోపలి కొలతకి కత్తిరించి వేస్తారు చాలామంది, అదే తప్పు, పలక కింద నుంచి బయటికి ఒక అడుగు వచ్చేలా పరిచి దానిమీద పలక నిలబెట్టండి, అప్పుడు ఇందాక చెప్పిన సందు మూసుకుపోతుంది. అట్ట ఏడాది లోపే కుళ్లిపోతుంది, మంచిదే, ఈలోపు కింద చచ్చేవి చస్తాయి, మీ మొక్కల వేర్లు కిందకి దిగుతాయి. అది శాశ్వతమైన గోడ అని మాత్రం అనుకోవద్దు, మనం కొనుక్కున్న గడువు, అంతే.

మరి వీడ్ ఫ్యాబ్రిక్, అంటే కలుపు రాకుండా నేల మీద పరిచే గుడ్డ, వెయ్యొచ్చా అంటారు. నాకైతే ఆ గుడ్డంటే పడదు, చెప్పేస్తున్నా. మొదటి ఏడాది బ్రహ్మాండంగా ఉంటుంది. తర్వాత దానిమీద దుమ్మూ ఆకుల పొడీ చేరి అదే ఒక మట్టి పొర అవుతుంది, అందులో గడ్డి పైనుంచి మొలిచి వేర్లని గుడ్డ నేతలోంచి కిందకి దించుతుంది, అప్పుడు గడ్డి లాగితే గుడ్డ చిరుగుతుంది, గుడ్డ లాగితే గడ్డి తెగుతుంది. ఒకసారి అలాంటి గుడ్డని ఒక స్నేహితుడి తోటలో పీకడానికి వెళ్లి ఒక పూట అనుకున్నది రెండు రోజులు పట్టింది. ఇష్టం ఉన్నవాళ్లు వేసుకోండి, పీకడానికి నన్ను పిలవొద్దు. (నవ్వులు)

ఇక అసలు సంగతి, అంచు. నాకు బాగా పనిచేసింది కందకం. మడి చుట్టూ, పలకకి ఒక జానెడు దూరంలో, 15 నుంచి 20 సెంటీమీటర్ల లోతున, ఒక చెయ్యి వెడల్పున చిన్న కాలవ తవ్వి ఖాళీగా వదిలెయ్యండి. ఏమీ నింపొద్దు. బయటి నుంచి పాకుతూ వచ్చిన రైజోమ్ కందకం గోడ పొడుచుకుని గాల్లోకి తేలుతుంది, తెల్లగా కనిపిస్తుంది, ఎండకి సగం అదే వాడిపోతుంది, మిగతాది మీరు కత్తిరించెయ్యడమే. దీని గొప్ప ఏంటంటే దొంగ ఇంట్లోకి రాకముందే వాకిట్లోనే కనిపిస్తాడు. వానలకి గోడలు కూలి పూడిపోతుంది కాబట్టి నెలకోసారి తోడుకోవాలి, పిల్లలు పెద్దవాళ్లు తిరిగే చోట కాలు మడతపడే ప్రమాదం కూడా ఉంది, అది చూసుకోండి.

కందకం కుదరని చోట నిలువు అడ్డు. రేకు గానీ మందపాటి గట్టి ప్లాస్టిక్ పట్టీ గానీ, నేలలోకి 20 నుంచి 30 సెంటీమీటర్లు దించి, నేల పైకి ఒక 5 సెంటీమీటర్లు తేలేలా పెట్టాలి. ఆ పైకి తేలే భాగం అందంగా లేదని చాలామంది నేల మట్టానికి కొట్టేస్తారు, కొట్టేస్తే అడ్డు పెట్టిన ఫలితం పోయినట్టే, కాడ దానిమీద నుంచి నడిచొచ్చేస్తుంది. రెండు ముక్కలు కలిసే చోట ఒకదానిమీద ఒకటి బాగా ఎక్కించి బిగించండి, రైజోమ్‌ అడ్డుని తాకి ఆగిపోదు, దాని వెంబడే పక్కకి పాకుతూ సందు కోసం చూస్తుంది. అడ్డు పెట్టాం కదా అని మర్చిపోయినవాళ్లకి రెండేళ్ల తర్వాత అదే అడ్డు గడ్డికి నిచ్చెన అవుతుంది.

మడుల మధ్య దారుల్లో లాన్ ఉంచుకుంటామనేవాళ్లకి నా సలహా ఉంచుకోవద్దనే. గడ్డిని దారిలో పెంచి మడిలోకి రావద్దంటే ఎలా? అట్టలు పరిచి పైన చెక్క ముక్కలు ఒక 10 సెంటీమీటర్ల మందాన పోసుకోండి, తగ్గినప్పుడల్లా మళ్లీ పోస్తూ ఉండాలి. దీంట్లోకి గడ్డి వచ్చినా వదులుగా ఉంటుంది కాబట్టి కాడ పొడుగ్గా చేతికొచ్చేస్తుంది, అదో సుఖం. లాన్ ఉంచుకోవాల్సిందే అంటే మోవర్ గడ్డిని చిమ్మే వైపు మడుల వైపు కాకుండా చూసుకోండి, తాడుతో కోసే ట్రిమ్మర్ ఉంది చూడండి, అది ఇంకా ప్రమాదం, కణుపులున్న ముక్కల్ని నేరుగా మడిలోకి విసిరి నాటుతుంది.

మనం తెచ్చుకునేది కూడా ఉంది. పశువుల ఎరువు సరిగ్గా మాగకపోతే అందులో గడ్డి విత్తనాలుంటాయి. మల్చింగ్‌కి, అంటే మట్టి మీద కప్పడానికి, ఎండుగడ్డి వేసేవాళ్లు అందులో కంకులున్నాయేమో దులిపి చూసుకోండి. నర్సరీ కుండీలో మొక్క మొదట్లో చిన్న పోచ కనిపిస్తే కుండీ దించి మట్టిగడ్డ చుట్టూ చూడండి, తెల్ల కాడ చుట్టుకుని ఉంటే మొక్క వేర్లు కడిగి నాటుకోండి. స్ట్రాబెర్రీ పిలకలు ఎవరైనా ప్రేమగా ఇచ్చినప్పుడు కూడా ఇదే, వాళ్ల ప్రేమతో పాటు వాళ్ల గరికా వస్తుంది.

దీనికి గడ్డితో నేరుగా సంబంధం లేదు గానీ ఎండుగడ్డి మాట వచ్చింది కాబట్టి చెప్పకుండా ఉండలేను. పచ్చిక మైదానాల్లో వెడల్పాకు కలుపు కోసం అమైనోపైరలిడ్ అనే మందు కొడతారు, అది గడ్డిని ఏమీ చెయ్యదు, ఆ గడ్డి తిన్న పశువు పేడలోంచీ, ఆ పేడతో చేసిన కంపోస్టులోంచీ కూడా బయటికొచ్చి మీ టమాటా, చిక్కుడు ఆకుల్ని ముడిచేస్తుంది. ఎక్కడిదో తెలియని ఎరువు తెచ్చినప్పుడు రెండు కుండీల్లో చిక్కుడు గింజలు వేసి మూడు వారాలు చూడండి, ఆకులు మామూలుగా విచ్చుకుంటే వాడుకోండి.

సరే, ఇప్పటికే మడి లోపలికి గడ్డి వచ్చేసినవాళ్ల సంగతి. ఒకటి రెండు పోచలే అయితే నీళ్లు పెట్టిన మర్నాడు, మట్టి మెత్తగా ఉన్నప్పుడు, ఫోర్క్‌తో ఎత్తి కాడ ఎటు పోతోందో దాని వెనకే పోవాలి, దాదాపు ఎప్పుడూ పలక వైపే పోతుంది. పలక దగ్గర తెగిపోతే బయటి వైపు నుంచి తవ్వి రెండో కొస పట్టుకోండి. అందకుండా మిగిలిపోయినది మళ్లీ లేస్తుంది, లేచినప్పుడల్లా మూడు నాలుగు ఆకులు వెయ్యకముందే తీసెయ్యాలి, ఆకు పెరిగితే ఖాతాలో మళ్లీ జమ పడుతుంది. పది రోజులకోసారి తిరిగి చూస్తే చాలు, కానీ నెల వదిలేస్తే మొదటికొస్తుంది.

మడి మొత్తం అల్లుకుపోయిందనుకోండి, ఇక పీకుతూ కూర్చోవద్దు. ఆ పంట అయ్యాక మడి ఖాళీ చేసి మట్టి ఫోర్క్‌తో ఎత్తి కాడలు తీసి, నల్ల షీట్ కప్పి ఒక సీజన్ వదిలెయ్యండి. ఒక సీజన్ పోతుందని బాధ ఉంటుంది, నేనూ బాధపడి రెండేళ్లు వాయిదా వేశా, ఆ రెండేళ్లూ పంటా రాలేదు గడ్డీ పోలేదు.

మందుల గురించి కూడా అడుగుతారు కాబట్టి చెప్తున్నా. గడ్డి జాతిని మాత్రమే చంపే మందులున్నాయి, ఫ్లుయాజిఫాప్, సెథాక్సిడిమ్, క్లెథోడిమ్ లాంటివి, టమాటా లాంటి వెడల్పాకు మొక్కల్ని చంపవు. కానీ మొక్కజొన్న కూడా గడ్డి కుటుంబమే, అది పోతుంది. సీసా మీద లేబుల్‌లో మీ పంట పేరు ఉందా, కొట్టాక ఎన్ని రోజులకి కొయ్యాలి అని చదవకుండా తినే పంట మీద కొట్టొద్దు. నేను లోపల కొట్టను, అది నా ఇష్టం. వెనిగర్ కొడితే పైన ఆకులు మాడతాయి, కింద ఆసామికి ఏమీ కాదు. ఉప్పు మాత్రం చల్లొద్దు బాబూ, గడ్డి కంటే ముందు మీ మట్టి పోతుంది.

పీకిన గడ్డి తీసుకెళ్లి కంపోస్టులో వేస్తున్నారా? ఆగండి. గట్టిగా వేడెక్కని కుప్పలో రైజోమ్ చావదు, మళ్లీ మీరే మడికి తెచ్చి పోస్తారు. సిమెంటు గచ్చు మీద గానీ రేకు మీద గానీ పల్చగా పరిచి ఎండలో పుల్లలా విరిగేదాకా ఎండనివ్వండి, లేదా మూతున్న బకెట్‌లో నీళ్లలో కొన్ని వారాలు ముంచి కుళ్లనివ్వండి, కంపు కొడుతుంది, మూత తీసేటప్పుడు గాలివాటం చూసుకోండి.

ప్రశ్నలేమైనా? అమ్మా, మీరు చెప్పండి.

(సభలో నుంచి: మా మడిలో అట్టలూ వేశాం, గుడ్డా వేశాం, అయినా సూదుల్లా పొడుచుకుని వస్తోంది. పీకితే ఊరికే వచ్చేస్తుంది, వారానికి మళ్లీ ఉంటుంది.)

కాడని వేళ్ల మధ్య తిప్పి చూశారా, మూడు పలకలుగా తగులుతుందా? తగులుతుందా, అయితే అది గడ్డి కాదమ్మా, తుంగ. చూడ్డానికి గడ్డిలాగే ఉంటుంది గానీ జాతి వేరు, దానికి కింద చిన్న చిన్న దుంపలుంటాయి, దండ గుచ్చినట్టు ఒకదాని వెనక ఒకటి. ఊరికే వచ్చేస్తోంది అన్నారు చూశారా, దుంప కిందే ఉండిపోయి పైది మాత్రం చేతికొస్తోందన్నమాట. ఇందాక చెప్పిన గడ్డి మందులు కూడా దీనిమీద పనిచెయ్యవు. దుంపతో సహా తవ్వడం, ఐదారు ఆకులు రాకముందే మళ్లీ మళ్లీ తియ్యడం, ఇదే. దానికీ నీడ పడదు, గుబురుగా పెరిగే మొక్కలు దగ్గర దగ్గరగా వేస్తే నెమ్మదిస్తుంది.

(ఇంకొకరు: మడి ఎత్తు ఇంకా పెంచితే?)

కింద నుంచి వచ్చేది ఆలస్యమవుతుంది, అంచు నుంచి వచ్చేది ఆగదు. కాళ్లున్న మడి, కింద గాలాడే స్టాండ్ మీద పెట్టింది అయితే నేల దారి మొత్తం తెగిపోతుంది, దాంట్లో మట్టి తొందరగా ఎండుతుంది, నీళ్లు ఎక్కువసార్లు పెట్టుకోవాలి.

(వెనక నుంచి: ఎన్నేళ్లకి పూర్తిగా పోతుందండీ?)

చుట్టూ గడ్డి ఉన్నంతకాలం వస్తూనే ఉంటుంది. పోయిన వారం కూడా నాకు నాలుగు కొసలు దొరికాయి, నాలుగూ కందకంలోనే. లోపల ఈ ఏడాది ఒక్కటీ చూడలేదు.

సరే, ఇక్కడ కూర్చుని ఎంత చెప్పినా చేతికి తెలియదు. బయట ఆ మూల మడిలో గరిక ఉంది, ఇందాక వచ్చేటప్పుడు చూశా, నిర్వాహకులు ఏమీ అనుకోవద్దు. ఫోర్క్ ఉన్నవాళ్లు తీసుకురండి, ముందు ఎవరైనా దానికి రెండు బకెట్లు నీళ్లు పొయ్యండి, మట్టి నానాక కాడని తెగకుండా లాగడం ఎలాగో చూపిస్తా.